వామి ఇల్లు చేరేదాకా

2019 మే 8. రాత్రి రెండు దాటినా అనంతపురంలో మిద్దె మీది నా గది గోడలు ఇంకా సెగ కక్కుతున్నాయి. ల్యాప్‌టాప్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ రెండో మ్యాచ్, లివర్‌పూల్ మైదానంలో బార్సిలోనా. 79వ నిమిషం. లివర్‌పూల్ ఆటగాడు, ఇరవై ఏళ్ల అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కార్నర్ దగ్గర బంతి పెట్టి, ఇంకెవరో కొడతారులే అన్నట్టు పక్కకు నడిచాడు. బార్సిలోనా డిఫెండర్లు తమ చోట్లు చూసుకుంటున్నారు. అతను గిరుక్కున తిరిగి కొట్టేశాడు. ఒరిగీ దాన్ని గోల్‌లోకి పంపాడు. 4-0. వారం ముందు సొంత మైదానంలో 3-0తో గెలిచిన నా జట్టు బార్సిలోనా, రెండు మ్యాచ్‌ల లెక్కలో వెనకబడి అక్కడితో ఆగిపోయింది.

బార్సిలోనా మా ఊరికి దూరపు పేరు కాదు. 1969లో ఈ జిల్లాకు వచ్చి ఆర్డీటీ సేవాసంస్థను నెలకొల్పిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది ఆ నగరంలోనే. ఆర్డీటీ క్రీడాగ్రామంలో పల్లె పిల్లలు బూట్లు కట్టుకుని పరిగెత్తుతుంటే కంచె దగ్గర నిలబడి చూసి నేను ఈ ఆటకు అతుక్కుపోయాను. ఊరంతా క్రికెట్ స్కోర్లు చెప్పుకునేటప్పుడు నాకు మెస్సీ ఎక్కడికి కదిలాడో కావాలి. పగలు ఒంటరిగా వెబ్‌సైట్లు కట్టేవాణ్ణి, రాత్రుళ్లు యూరప్ మైదానాలు చూసేవాణ్ణి. మ్యాచ్ కోసం నిద్ర మానుకున్నందుకు ఎప్పుడూ బాధపడలేదు. ఆ రాత్రి సంగతి వేరు.

ఆ సాయంత్రమే ధర్మవరం చీరల వ్యాపారి ఒకాయన సైటును కొత్త సర్వర్‌కు మార్చాను. మూడు వారాల పని. బొమ్మలన్నీ వస్తున్నాయి, ధరలు సరిగ్గా ఉన్నాయి, ఇంటి దగ్గర డబ్బిచ్చే పద్ధతిలో ఒక ఆర్డర్ పెట్టి చూస్తే చక్కగా నమోదైంది. కార్డుతో నిజంగా డబ్బు కట్టి చూడటం ఒక్కటే మిగిలింది. పొద్దున చూద్దామనుకున్నాను. మొదటి మ్యాచ్‌లో మూడు గోల్స్ ఆధిక్యం, ఇక్కడ పని పూర్తి. ఆ రెండు ఊరటలతో కుర్చీలో వెనక్కి వాలాను.

కొనేవాళ్లు డబ్బు కట్టగానే ఆ సంగతి సైటుకు చెప్పే కబురు ఒకటుంటుంది. వెబ్‌హుక్ అంటాం. ఆ కబురు ఏ చిరునామాకు రావాలో మనమే రాసిపెట్టాలి. నేను పాత సర్వర్ చిరునామానే వదిలేశాను. రాత్రంతా అమెరికా నుంచి, సింగపూర్ నుంచి ఆడవాళ్లు పట్టుచీరలకు డబ్బు కట్టారు. వాళ్ల ఖాతాల్లో డబ్బు పోయింది. దుకాణంలో ఒక్క ఆర్డర్ కూడా కనబడలేదు.

పొద్దున ఆరున్నరకు ఫోను మోగింది. ఆయన అరవలేదు. "డబ్బు తీసుకుని చీర ఇయ్యలేదంట అప్పా. మా నాయన కాలం నుంచి ఈ మాట పడలేదు మేం" అన్నాడు. అరిచి ఉంటే తట్టుకునేవాణ్ణి.

చిరునామా మార్చడానికి పట్టింది రెండు నిమిషాలు. కట్టిన డబ్బుల జాబితా తీసి ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి, తప్పు నాది, దుకాణానిది కాదని చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఇద్దరు వద్దన్నారు, మిగిలినవాళ్లకు చీరలు వెళ్లాయి. ఆఖరి వాయిదా డబ్బు నేను తీసుకోలేదు.

ఆ వారం ఊరికి పోయి నాయనకు చెప్పాను. సర్వర్ ఏమిటో ఆయనకు తెలియదు, విషయం మాత్రం మొదటి మాటకే పట్టుకున్నాడు. "శెనక్కాయ పీకినాక వాన పడిన ఏడు గుర్తుందా?" అన్నాడు. గుర్తుంది. మాది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే నేల. విత్తింది మొదలు ఆకాశం వైపే చూపు. ఊడలు దిగేటప్పుడు ఒక పదును, కాయ ఊరేటప్పుడు ఒక పదును కావాలి. ఆ ఏడు రెండూ దొరికాయి. చెట్టు పీకి చేలో ఆరబెట్టి, గండం గడిచిందని ఇంటికొచ్చి నిద్రపోయారు. మూడు రోజులు ముసురు పట్టింది. కట్టె నల్లబడింది, కాయలోనే మొలకలొచ్చాయి.

మా జిల్లాలో చాలా కాలం ఎక్కువగా వేసిన కదిరి-6 స్పానిష్ గుత్తి రకం. ఈ రకాల గింజకు నిద్రావస్థ ఉండదు, పీకిన వెంటనే తడి తగిలితే మొలకెత్తుతుంది. ఏ తడి కోసం నాలుగు నెలలు మొక్కుకున్నామో ఆ తడే పంటను తీసుకుపోయింది. కరువు ఎటునుంచి వస్తుందో మావాళ్లకు బాగా తెలుసు, దానికి కాపలా కాయడమూ తెలుసు. పీకిన చేను మీద వాన గురించి ఆ రాత్రి ఎవరూ తలచుకోలేదు.

నేను అలసిపోయి తప్పు చేశాననే అప్పటిదాకా సర్దిచెప్పుకున్నాను. నాయన మాట విన్నాక అది నిజం కాదని తెలిసింది. అలసట ఉన్న రోజుల్లో నేను మరింత జాగ్రత్తగానే ఉంటాను. నన్ను పడగొట్టింది ఊరట. బార్సిలోనాకూ అంతే. అంతకు ముందు ఏడాదే, 2018 ఏప్రిల్‌లో, సొంత మైదానంలో 4-1తో గెలిచి రోమ్‌లో 3-0తో ఓడిపోయారు. అంత గొప్ప ఆటగాళ్లకు చేతకాక కాదు.

2022 మార్చి 20న గోవాలో మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ ఫైనల్ చూస్తున్నప్పుడు ఇదంతా మళ్లీ మనసులో మెదిలింది. 88వ నిమిషం దాకా హైదరాబాద్ మీద కేరళ బ్లాస్టర్స్‌దే 1-0 ఆధిక్యం. అప్పుడు సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. గట్టిగా కేక పెట్టాను. గెలిచిన హైదరాబాద్ కంటే ఓడిన కేరళ వాళ్ల ముఖాలే ఎక్కువసేపు చూశాను.

ఇప్పుడు ఏ సైటు అప్పగించినా నా కార్డుతో అందులో చవకైన వస్తువొకటి కొంటాను. డబ్బు కదిలిందని తెర మీద చూసి ఆగను, యజమానికి ఫోన్ చేసి ఆర్డర్ కనబడిందా అని అడుగుతాను. ఆ ధర్మవరం ఆయన ఇప్పటికీ నా దగ్గరే సైటు చేయించుకుంటున్నాడు. శెనక్కాయ పీకే రోజుల్లో ఊరికి పోతాను. చెట్టు ఆరి, వామి వేసి, పట్ట కప్పేదాకా చేలోనే పడుకుంటాం, నాయనా నేనూ. ఆ రాత్రుళ్లు మ్యాచ్‌లు నేను చూడను.