కొరింథు బజారులోని న్యాయపీఠము

ఏథెన్సు నుండి కొరింథుకు సుమారు 80 కిలోమీటర్లు. పౌలు భక్తుడు తిరిగిన చోట్లను కన్నులార చూడవలెనని మా ప్రాంతపు పాస్టర్లము, సంఘ పెద్దలము కొందరము మూడేళ్లు చీటీ కట్టుకొని, దేవుని కృపను బట్టి ఈ ప్రయాణము చేయగలిగాము. దారిలో కొరింథు కాలువ దగ్గర బస్సు ఆపారు. ఆరు కిలోమీటర్లకు పైగా రాతినేలను నిలువునా కోసి రెండు సముద్రములను కలిపిన కాలువ అది. నీరో చక్రవర్తి క్రీ.శ. 67లో వేలమంది యూదా ఖైదీలను పెట్టి త్రవ్వించబోయాడు. అది ఆగిపోయింది. మరల 1893లో గాని కాలువ పూర్తి కాలేదు. వంతెన మీద నుండి చూస్తే లోతున పోవుచున్న ఓడ పంటబోదెలో కాగితపు పడవలా ఉన్నది.

ఇప్పటి కొరింథు పట్టణము వేరు, పౌలు నాటి కొరింథు వేరు. 1858లో భూకంపమునకు పాత ఊరు కూలిపోగా జనులు సముద్రపు ఒడ్డుకు తరలిపోయి కొత్త పట్టణము కట్టుకున్నారు. పాతచోట ఇప్పుడొక పల్లె, దాని ప్రక్కనే శిథిలములు. 1896 నుండి అమెరికా పండితులు అక్కడ త్రవ్వకములు జరుపుచున్నారు. అపోలో అను గ్రీకు దేవత గుడి స్తంభములు ఏడు మాత్రమే నిలిచి ఉన్నవి. వెనుక 575 మీటర్ల ఎత్తున కొండ. అందరూ గుడి దగ్గర ఫోటోలు తీసుకొనుచుండగా మేము న్యాయపీఠము ఎక్కడని అడిగాము.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయము చదివినవారికి ఆ పీఠము క్రొత్త కాదు. పౌలు ఈ ఊరిలో అకుల, ప్రిస్కిల్లలతో డేరాలు కుట్టుచు ఏడాదిన్నర వాక్యము బోధించాడు. యూదులు ఆయనను పట్టుకొని, అకయకు అధిపతియైన గల్లియోను ఎదుట నిలువబెట్టారు. ఈ గల్లియోను ప్రసిద్ధ తత్త్వవేత్త సెనెకాకు అన్న. డెల్ఫీలో దొరికిన క్లౌదియ చక్రవర్తి శాసనములో ఇతని పేరున్నది గనుక ఈ సంగతి క్రీ.శ. 51 ప్రాంతమున జరిగినదని లెక్క కట్టగలిగారు. పౌలు సమాధానము చెప్పుటకు నోరు తెరువకముందే గల్లియోను ఫిర్యాదును త్రోసివేశాడు. అక్కడే, ఆ పీఠము ఎదుటనే, సమాజమందిరపు అధికారియైన సొస్తెనేసును జనులు కొట్టారు. గల్లియోను పట్టించుకోలేదు.

మేము మన కోర్టుల వంటి గోడలూ తలుపులూ గల భవనము ఉండునని తలంచాము. తీరా చూస్తే అది మనిషి ఎత్తుకు మించిన రాతి అరుగు. ఒకప్పుడు చలువరాళ్లు తాపినదట. తరువాతి శతాబ్దములలో దాని మీద ఒక చర్చి కూడ కట్టారు. అరుగుకు ఇరుప్రక్కల వరుసగా అంగళ్లు, ఎదుట పెద్ద సంతబయలు. అనగా విచారణ జరుగునది నడిబజారులో! కొనేవాడు, అమ్మేవాడు, కూలివాడు, ఓడదిగి వచ్చిన పరదేశి, అందరూ నిలబడి వినవచ్చును.

ఆ అరుగు ముందు నిలబడి 1 కొరింథీయులకు 6వ అధ్యాయము చదివాము. సహోదరుడు సహోదరునితో వ్యాజ్యెమాడుచున్నాడని, అదియు అవిశ్వాసుల ఎదుటనని పౌలు ఎందుకంత నొచ్చుకున్నాడో ఆ బజారును చూస్తే అర్థమగును. పొద్దున ఒకే రొట్టె విరిచి, మధ్యాహ్నము బజారులో ఒకరినొకరు మోసగాడని అరచుకొంటే వినేవారికి సువార్త ఏమి మిగులును? పైగా రోమా వారి విచారణలలో ధనము, పలుకుబడి గలవానిదే పైచేయి. చిన్నవాడు పెద్దవాని మీద వ్యాజ్యెము వేయుటే కష్టము. మీలో తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనను లేడా అని పౌలు అడుగుట అందుకే.

మాతో వచ్చిన పెద్దలలో ఒకాయనకు తమ్మునితో తొమ్మిదేళ్లుగా మున్సిఫ్ కోర్టులో గట్టు తగాదా. (కోర్టు పేరు మారినను మన పల్లెలలో ఇంకను మున్సిఫ్ కోర్టే.) మూడు సెంట్ల నేల, దాని మీద పన్నెండు తాడిచెట్లు. వాయిదాలకు, ప్లీడర్లకు పోసిన సొమ్ముతో అంతకు రెండింతల నేల కొనవచ్చును. అన్న చర్చికి వస్తాడు, తమ్ముడు మానివేశాడు. ఆయన అరుగు వైపు చూచుచు అడిగాడు: "అయ్యగారూ, నష్టపడినవాడినే ఓర్చుకోమంటే దోచుకున్నవాడికి పండుగే గదా?"

మంచి ప్రశ్న. మన ప్రసంగములలో 7వ వచనము దగ్గర ఆగిపోతాము గాని, 8వ వచనములో పౌలు అన్యాయము చేయువారినే, అపహరించువారినే నిలదీశాడు. ఓర్చుకొనుమనుట తన సొంత నష్టము విషయములో, తన ఇష్టముతో. ఇతరుల నష్టమును మనము క్షమించి పంచిపెట్టలేము. భార్యను కొట్టినవానిని, పసిపిల్లను చెరిపినవానిని సంఘపు గదిలో కూర్చోబెట్టి ప్రార్థన చేసి పంపించుట క్షమాపణ కాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పిల్లలపై అట్టి నేరము తెలిసియు పోలీసులకు తెలుపకపోవుటయే నేరము. పౌలు కూడ తన ప్రాణము మీదికి వచ్చినప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందునన్నాడు. చట్టమును ఆశ్రయించుట పాపమని ఆయన ఎక్కడా అనలేదు.

ఇదంతా చెప్పి, "మీకు చెల్లెలు ఉన్నది గదా, ఆమె వాటా ఎంత?" అని అడిగాము. ఆయన మాట్లాడలేదు. మన క్రైస్తవ కుటుంబములకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టములో, తండ్రి వీలునామా వ్రాయకుండ చనిపోతే కొడుకుకు ఎంతో కూతురుకూ అంతే. ఈ సంగతి మన సంఘములలో తెలిసినవారు తక్కువ, తెలిసి చెప్పువారు మరీ తక్కువ. మూడు సెంట్లకు అన్నదమ్ములిద్దరు తొమ్మిదేళ్లు పోరాడుచుండగా, విధవరాలైన చెల్లెలు తనకు రావలసిన దాని కొరకు ఒక్క కాగితమైనను వేయలేదు. అది ఆమె క్షమాపణయో, నిస్సహాయతయో ఎవరు అడిగారు?

ఊరు చేరిన తరువాత ఇద్దరినీ విడివిడిగా కలిశాము. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన వరుస అదే గదా: మొదట ఒంటరిగా, తరువాత ఒకరిద్దరితో, ఆ తరువాతనే సంఘము. మూడవసారి తమ్ముడు తలుపు తీశాడు. ఇద్దరి ఒప్పుదలతో కేసు లోక్ అదాలత్‌కు వెళ్లినది. 1987 నాటి చట్టము ప్రకారము అక్కడ కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము. దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. కోర్టులో ఇటువంటి గట్టు తగాదా ఉన్న కుటుంబములు మండల న్యాయ సేవాధికార కమిటీలో అడిగితే దారి చెప్పుదురు.

తాడిచెట్లు చెరి ఆరు. గట్టు మధ్యలో రాయి పాతారు. తమ్ముడు ఆరాధనకు ఇంకా రాలేదు. సర్వేయరు గొలుసు లాగిన రోజున చెల్లెలిని కూడ పిలిపించాము. ఆమె గట్టు మీద ఎండలో నిలబడి అంతా చూచినది. ఆమె వాటా కాగితముల మీద అన్నదమ్ముల సంతకములు ఇంకా కావలసి ఉన్నవి. వచ్చే ఆదివారము ఆరాధన అయిన తరువాత ముగ్గురినీ మా ఇంటికి భోజనమునకు పిలిచాము.