సీదీ బాంబే వెంట
కాడుగోడిలో రాత్రి ‘మౌంటెన్స్ ఆఫ్ ద మూన్’ మళ్లీ చూశాను. 1990లో బాబ్ రాఫెల్సన్ తీసిన సినిమా. నైలు నది పుట్టుక కోసం అన్వేషకులు బర్టన్, స్పీక్ పడ్డ పాట్లు, ఆ తర్వాత వాళ్ల మధ్య వైరం. నా కళ్లు మాత్రం వాళ్లకి దారి చూపిన సీదీ ముబారక్ బాంబే వెంటే పోతాయి. చిన్నప్పుడే బానిసగా అమ్ముడై మన దేశం చేరాడు. యజమాని పోయాక విడుదలై ఆఫ్రికాకు తిరిగి వెళ్లాడు. 1858లో టాంగనీకా సరస్సు చేరేసరికి బర్టన్ నడవలేడు, స్పీక్‌కి చూపు ఆనదు. బాంబేతో స్పీక్ మాట్లాడింది వచ్చీరాని హిందుస్తానీలో! బాంబేలా ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు మన దగ్గరా ఉన్నారు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకి ఆ పేరు నిజాంగారి ఆఫ్రికన్ అశ్వదళం వల్లే వచ్చింది. ఆ సిద్దీల మీద మనవాళ్లు పెద్ద సినిమా తీయాలి, బాంబే లాంటి మనిషినే కథానాయకుణ్ని చేసి.