అడయారు మర్రి నీడలో

మద్రాసుకు (చెన్నై అనాలి గాని, నోరు తిరగదు) ఎన్నిసార్లు వెళ్లినా అడయారు దివ్యజ్ఞాన సమాజం గేటు దాటి లోపలికి అడుగు పెట్టింది లేదు. బస్సులోంచి ఆ పొడవాటి గోడా, గోడ మీదుగా కనిపించే చెట్లూ చూడటమే. ఈసారి మా అన్నయ్య కూతురు వెంట ఉంది. రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. "బాబాయ్, మా సబ్జెక్టు చరిత్రలో ఈ తోట పేరు ఒకచోట వస్తుంది. చూసి వద్దాం రండి" అంది. దివ్యజ్ఞానానికీ రసాయనశాస్త్రానికీ లంకె ఏమిటా అనుకుంటూ బయలుదేరాను. నేను బి.కాం. చదివినవాణ్ణి. జమాఖర్చులు తప్ప అణువుల సంగతి నాకేం తెలుసు?

గేటు దాటి నాలుగడుగులు వేసేసరికి రోడ్డు మీది మోటార్ల రొద ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. అడయారు నది సముద్రంలో కలిసే చోట ఉంది ఈ తోట. 1875లో న్యూయార్కులో రష్యన్ మహిళ బ్లావట్‌స్కీ, అమెరికన్ కల్నల్ ఆల్కాట్ కలిసి స్థాపించిన సమాజం 1882లో దీన్ని కొన్నది. మొదట 27 ఎకరాలు. ఇప్పుడు 250 ఎకరాలకు పైమాటే. గుడి, చర్చి, మసీదు, బుద్ధ మందిరం అన్నీ చిన్నచిన్నవిగా చెట్ల మధ్య ఉన్నాయి. నాలుగు వందల ఏళ్లు దాటిన మర్రి కూడా ఉంది. దాని మూల కాండం 1989 గాలివానకు కూలిపోయింది. ఊడలు మాత్రం నేలలో పాతుకుని తలా ఒక చెట్టై నిలబడ్డాయి. ఇంతకీ చెట్టు ఉన్నట్టా, లేనట్టా? మా అమ్మాయి నవ్వి ఊరుకుంది.

అతీంద్రియ శక్తుల మాట వింటే మాలాంటి వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఇన్‌స్పెక్షనే. ఆ ముచ్చటా ఇక్కడ జరిగింది. హిమాలయాల్లోని మహాత్ములు రాసే ఉత్తరాలు ఇక్కడి పూజామందిరంలోని బీరువాలో వాటంతట అవే ప్రత్యక్షమవుతాయని చెప్పేవారు. అదంతా కనికట్టేనని ఇంటి పనులు చూసే ఆవిడే 1884లో బయటపెట్టింది. లండన్ నుంచి, ఇలాంటి వింతలను పరీక్షించే ఒక సంఘం తరఫున, హాడ్జ్‌సన్ అనే యువకుడు వచ్చి నెలల తరబడి విచారించాడు. 1885లో మోసమని నివేదిక ఇచ్చాడు. నూరేళ్లు గడిచాక, 1986లో, అదే సంఘం పత్రిక ఆ నివేదికలోనూ తప్పులున్నాయంటూ ఒక వ్యాసం వేసింది. నూరేళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరానికి మళ్లీ అభ్యంతరం! ఆ ఉత్తరాలు గాలిలోంచి ఊడిపడ్డాయని మాత్రం నేను నమ్మను.

అయితే ఆ రోజుల్లో పెద్ద శాస్త్రజ్ఞులే ఈ సమాజంలో చేరారు. థాలియం మూలకాన్ని కనుగొన్న క్రూక్స్ సభ్యుడు, ఎడిసన్ సభ్యుడు. ఎక్స్ కిరణాలు బయటపడింది 1895లో. కంటికి కనిపించనివి ఒక్కొక్కటే ప్రయోగశాలలో దొరుకుతున్న కాలమది. ఇంకేమేమి దాగి ఉన్నాయో అని వాళ్లకు అనిపించడంలో వింత లేదు.

మర్రి నీడలో కూర్చున్నాక మా అమ్మాయి అసలు కథ విప్పింది. అనీబిసెంట్, లెడ్‌బీటర్ ఇద్దరూ అణిమాసిద్ధి వంటి దృష్టితో మూలకాల లోపలికి చూశామని చెప్పి, 1908లో "అకల్ట్ కెమిస్ట్రీ" అనే పుస్తకం వేశారు. అందులో అన్నిటికంటే సూక్ష్మమైన కణానికి మన మాటే పెట్టారు, 'అణు' అని. హైడ్రోజన్‌లో అవి 18 అట. నియాన్ వాయువుకు కాస్త బరువైన తోబుట్టువు ఉందని, దాని బరువు 22 పైచిలుకు అని రాసి, 'మెటా నియాన్' అన్నారు. నాలుగైదేళ్లకు కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ ప్రయోగంలో నియాన్ 20తో పాటు 22 దగ్గర ఇంకో గీత కనిపించింది. ఆయన సహాయకుడు ఆస్టన్ దానికి పేరు వెతికి, ఈ పుస్తకంలోని మెటా నియాన్ అనే పేరునే 1913లో వాడాడు. ఆ ఏడే సాడీ 'ఐసోటోప్' అనే మాట పెట్టాడు, అదే నిలిచింది. ఐసోటోపుల మీది పనికి 1922లో ఆస్టన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

"అయితే వాళ్లు నిజంగా చూశారంటావా?" అన్నాను.

"లేదు బాబాయ్. లేని మూలకాలు కూడా చూశామన్నారు. అణువు లోపలి నిర్మాణం వాళ్లు గీసిన బొమ్మల్లా లేదు. ఒకటి తగిలింది, తక్కినవి తగల్లేదు. కాని పేరు ఎక్కడ దొరికితే అక్కడ తీసుకున్నాడే ఆస్టన్, అది నాకు నచ్చింది."

నాకు మాత్రం ఈ తోటలో అణువుకంటే ఒక తండ్రి గుర్తొచ్చాడు. మన మదనపల్లె జిడ్డు నారాయణయ్య. రెవెన్యూ ఉద్యోగం నుంచి రిటైరై, భార్య పోయి, నలుగురు కొడుకులతో 1909లో ఇక్కడికి పని కోసం వచ్చాడు. ప్రహరీ బయట ఒక చిన్న ఇంట్లో ఉండేవాడు. ఆ ఏడే సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న కృష్ణమూర్తిని లెడ్‌బీటర్ చూశాడు. బడిలో మందమతి అనిపించుకున్న ఆ పిల్లవాడి చుట్టూ దివ్యమైన కాంతి కనిపించిందన్నాడు. కాబోయే జగద్గురువు ఇతడేనన్నారు. 1910లో తండ్రి ఇద్దరు పిల్లల సంరక్షణ బిసెంటమ్మకు రాసిచ్చాడు. ఇంగ్లండు చదువు, పెద్దల అండ ఇస్తామంటే ఏ తండ్రి కాదంటాడు? తర్వాత మనసు విరిగి 1912లో కోర్టుకెక్కాడు. మద్రాసు హైకోర్టులో గెలిచాడు. 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో ఓడాడు. పిల్లలు మళ్లీ ఆయన సంరక్షణలోకి రాలేదు. కాగితం మీద సంతకం పెట్టడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ముప్ఫై ఏళ్లుగా బల్లకు ఇవతల కూర్చుని చూస్తున్నాను.

ఆ పిల్లవాడే పెద్దవాడై, 1929లో హాలండులో వేలాది శిష్యుల ఎదుట, తనకోసం కట్టిన సంస్థను తానే రద్దు చేశాడు. గురువు వద్దన్నాడు. అయినా లోకం ఆయన్ను గురువుగానే వెతుక్కుంటూ వచ్చింది. కాలిఫోర్నియాలో ఆల్డస్ హక్స్‌లీ స్నేహితుడయ్యాడు. 1954లో హక్స్‌లీ కృష్ణమూర్తి పుస్తకానికి ముందుమాట రాశాడు. మత్తుమందు తిని కలిగిన అనుభవాల మీద తన పుస్తకమూ అదే ఏడు వేశాడు. ఆ పుస్తకం పేరులోంచే 1965లో ఒక రాక్ బృందం 'ది డోర్స్' అని పేరు పెట్టుకుంది. 1961 నుంచి ఏటా వేసవిలో స్విట్జర్లాండులోని సానెన్‌లో కృష్ణమూర్తి మాట్లాడుతుంటే జుట్టు పెంచిన యువతీయువకులూ వచ్చి కూర్చునేవారు. మందుల దారి దారే కాదని ఆయన వాళ్ల ముఖానే చెప్పేవాడు. క్వాంటమ్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ బోమ్ ఆయనతో ఏళ్ల తరబడి చర్చలు జరిపాడు. ఆ సంభాషణల పుస్తకం 1985లో వచ్చింది. మదనపల్లెలో పుట్టిన అబ్బాయి ఎక్కడెక్కడి వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాడో చూడండి!

సమాజంతో తెగతెంపులయ్యాక, 47 ఏళ్లకు, 1980లో ఆయన మళ్లీ ఈ గేటులోంచి నడిచి లోపలికి వచ్చాడు. 1986 జనవరిలో, జబ్బుతో, మద్రాసు విడిచి వెళ్లేరోజు కూడా అడయారు సముద్రపు ఒడ్డునే నడిచాడు. మరి నెల దాటి కొద్ది రోజులకు అమెరికాలో పోయాడు.

మేము బెసెంట్ నగర్ బీచికి వచ్చేసరికి పొద్దు వాలింది. పిల్లలు అలలతో పరుగులాడుతున్నారు, సుండల్ అమ్మేవాడు తిరుగుతున్నాడు. మా అమ్మాయి నదీముఖం వైపు చాలాసేపు చూసి, "బాబాయ్, ఆ సాయంత్రం పిల్లాణ్ణి వాళ్లు చూస్తున్నప్పుడు ఆ నాన్న ఎక్కడున్నాడో?" అంది.

ఆఫీసులో ఉండి ఉంటాడమ్మా అన్నాను. బస్సు వేళయింది.