సీలింగ్ పూతకు కొలత ఎక్కడ పట్టాలి?



పత్తికొండ పక్కన తండా మాది. పాతిల్లు మట్టి మిద్దె. ఏటా వానలకు ముందు పైన చౌడుమట్టి పరిస్తే సరి, లోపలి కప్పుకు పూత అనేదే ఎరగం. అందుకే కొత్త స్లాబింటికి సీలింగ్ ప్లాస్టరింగ్ కూలి అడుగుకు 30 లెక్కన 11,880 అని మేస్త్రీ చెప్తే అమ్మ, అదే మా యాడి, తలూపేసింది.

సెలవులకొచ్చిన మేమిద్దరం టేపు పట్టినాం. ఆయన కొలిచింది స్లాబు పైన: 22 ఇంటూ 18, మొత్తం 396 అడుగులు. లోపల రెండు గదులూ కలిపితే 257. మోసమని గట్టిగానే అన్నాం. ఆయన మమ్మల్ని బయటికి పిలిచి, గోడ దాటి చుట్టూ అడుగు మేర వచ్చిన స్లాబు అంచు చూపించినాడు. "దీని కింద పూసేదెవరబ్బీ?"

నిజమే. అది 76 అడుగులు, మేమే వదిలేసినాం. మిగిలిన 63 గోడల మందం, అక్కడ పూతే ఉండదు. అది తీసేస్తే 333 అడుగులకు 9,990. తగ్గిన 1,890 అంటే యాడికి ఆరు రోజుల కూలి.

రేటు మీద బేరమాడలేదు. తల పైకెత్తి పూయాల, సిమెంటు మాలు సగం మొహం మీదే పడుతుంది. బెంగళూరులో మనోళ్లు చేసేదీ ఇట్లాంటి పనే కదా. కానీ పరంజా, స్లాబుకు గంట్లు కొట్టడం ఆ 30లోనే అని కాగితం మీద రాయించుకున్నాం. గంట్లు లేకుంటే నున్నటి కాంక్రీటుకు మాలు పట్టదు, పెచ్చులుగా ఊడుతుంది.

ఇప్పుడు గంట్లు కొడుతున్నారు. ఇల్లంతా దుమ్ము, యాడి పొయ్యి వేపచెట్టు కిందికి మార్చింది. కడప వైపు అడుగుకు ఎంత అడుగుతున్నారు? కొలత పైనా, లోపలా?