రంగడి ఇల్లు

మా నాన్నగారు వైమానిక దళంలో పనిచేస్తారు. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. బీదర్, జోధ్‌పూర్, తేజ్‌పూర్ అయ్యాక ఇప్పుడు నాగ్‌పూర్. అంటే ఇది నా నాలుగో కేంద్రీయ విద్యాలయం. మీలో చాలామంది ఇళ్లలో ఉన్నట్టే మా ఇంట్లోనూ నల్ల ఇనప ట్రంకు పెట్టెలున్నాయి. వాటి మీద పాత ఊళ్ల పేర్లు కొట్టేసి కొత్త ఊరి పేరు రాసి ఉంటుంది. మా మంచాలు, పుస్తకాల అర, నా చదువు బల్ల అన్నీ విప్పి మళ్లీ బిగించుకునేవే. వాటి నట్లూ బోల్టులూ ఒక పాత హార్లిక్స్ సీసాలో ఉంటాయి. "మేకు కొడితే ఆ వస్తువు ఆ ఊరిదైపోతుంది. బోల్టు వేస్తే మనతో వస్తుంది" అంటారు నాన్న.

తేజ్‌పూర్ నుంచి వచ్చేసేటప్పుడు అక్కడి నా ప్రాణస్నేహితుడికి ప్రతి ఆదివారం ఫోన్ చేస్తానని మాటిచ్చాను. ఆరు వారాలు చేశాను. తర్వాత ఇక్కడ క్రికెట్ జట్టులో చోటు దొరికింది. ఆదివారాలు మైదానంలో గడిచిపోయాయి. ఒకరోజు వాడే ఫోన్ చేశాడు. పక్కనున్న కుర్రాళ్లతో నేను అచ్చం ఇక్కడివాళ్లలాగే హిందీ మాట్లాడుతుంటే విన్నాడు. "తూ తో గిర్గిట్ హై" అని ఫోన్ పెట్టేశాడు. గిర్గిట్ అంటే ఊసరవెల్లి.

నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం, వాడన్నది నిజమేనేమో అని భయం వేసింది. ఊరు మారినప్పుడల్లా నా యాస మారుతుంది, నేను ఆడే ఆట మారుతుంది, ఆఖరికి టిఫిన్ డబ్బాలో తీసుకెళ్లేది కూడా మారుతుంది. మరి నా అసలు రంగు ఏది?

ఆ మాట మనసులో గుచ్చుకుంటూ ఉండగానే వేసవి సెలవులు వచ్చాయి. మా పెద్దమ్మ వాళ్లు అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్‌లో ఉంటారు. అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లాలి, ఒక్కతే విమానంలో వెళ్లలేదు. తోడుగా నన్ను పంపారు. అక్కడ అన్నయ్య గదిలో అడుగుపెట్టగానే చిన్న జాలీ పంజరంలోంచి ఒక కన్ను నా వైపు తిరిగింది. రెండో కన్ను మాత్రం కిటికీ వైపే ఉంది. అది ఊసరవెల్లి!

అన్నయ్య పెంచుతున్నది వీల్డ్ కమీలియన్ అనే జాతి. దాని సొంత ఊరు యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతం. తల మీద కిరీటంలా ఎత్తుగా ఉంటుంది. ఇంట్లో పెంచుకోవడానికి అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. మన దేశంలో ఉండే ఊసరవెల్లి వేరు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జంతువు. దాన్ని పట్టుకోవడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. క్వార్టర్ల వెనక కంచె మీద ఎప్పుడైనా కనబడితే చూసి ఆనందించండి, పట్టుకోకండి.

అమ్మమ్మ మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు. "తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు. దాన్ని తెచ్చి నట్టింట్లో పెట్టుకున్నారా!" అని చెంపలు వేసుకుంది.

పాత పంజరం రెండడుగుల ఎత్తు మాత్రమే ఉంది. అది పిల్లగా ఉన్నప్పుడు కొన్నది. ఇప్పుడు తోకతో కలిపి అడుగున్నర దాటింది. పెద్ద ఇల్లు కట్టాలని అన్నయ్య డబ్బులు దాచుకున్నాడు. 4 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు, 6 అడుగుల ఎత్తు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఈ గది గుమ్మం వెడల్పు ఎంత?"

"ఎందుకురా? ఇది ఇక్కడే ఉంటుందిగా" అన్నాడు.

ఏ వస్తువూ ఎక్కడా అలా ఉండిపోదని నాకు తెలుసు. అన్నయ్యేమో జిగురు పెట్టి, కీళ్లన్నీ సిలికాన్‌తో పూడ్చేద్దామన్నాడు. నేను బోల్టులే వేద్దామన్నాను. ఒక పూటంతా వాదించుకున్నాం. చివరికి పెదనాన్న నా వైపు వచ్చారు.

మొత్తం ఆరు పలకలు: ముందు, వెనక, రెండు పక్కలు, పైన, కింద. అంచులు 12, అంచుకు రెండు చొప్పున 24 బోల్టులు. వెనకా పక్కలా తెల్లటి పీవీసీ షీటు వేశాం. చెక్క అయితే తడికి ఉబ్బుతుంది. అద్దం పెడితే ఊసరవెల్లి తన ప్రతిబింబాన్ని చూసి వేరే మగ ఊసరవెల్లి వచ్చిందనుకుని కంగారు పడుతుంది. ముందు తలుపులకూ పైకప్పుకూ గాలి ఆడేలా జాలీ బిగించాం. నున్నటి షీటును అది పట్టుకోలేదు కాబట్టి లోపల చెక్క బద్దలు బిగించి, వాటికి కొమ్మలు కట్టాం. దాని పాదం చూడాలి మీరు! వేళ్లు ఒకవైపు రెండు, ఒకవైపు మూడు కలిసిపోయి అచ్చం పటకారులా ఉంటుంది. అందుకే కొమ్మలు కొన్ని సన్నవి, కొన్ని లావువి ఎంచుకున్నాం.

మా ఇంట్లో చేసినట్టే ప్రతి కీలుకూ గుర్తు పెట్టాను. కలవాల్సిన రెండు చోట్లా ఒకే అక్షరం: అ దగ్గర అ, ఆ దగ్గర ఆ. అన్నయ్యకు తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, చదవడమే అంతంతమాత్రం. "ఇంగ్లీషులో రాయొచ్చుగా" అన్నాడు. "నేర్చుకో" అన్నాను.

ఇక దీపాల పని. నిజానికి ఈ ఇంట్లో గోడల కంటే దీపాలే ముఖ్యం. "బయట ఇంత ఎండ కాస్తుంటే లోపల లైట్లెందుకురా?" అని అమ్మమ్మ గుమ్మం దగ్గర నిలబడే అడిగింది. మంచి ప్రశ్నే. కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది కానీ, ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. ఆ కిరణాలు చర్మానికి తగిలితేనే ఊసరవెల్లి ఒంట్లో విటమిన్ డి-3 తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి.

అందుకని మూడు రకాల దీపాలు పెట్టాం. ఒకటి పొడవాటి టీ-5 యూవీబీ ట్యూబు. అది వెలుగుతున్నట్టే కనబడినా నెలలు గడిచేకొద్దీ యూవీబీ తగ్గిపోతుంది, అందుకే తేదీ రాసిపెట్టుకుని మార్చాలి. రెండోది వెచ్చదనం కోసం మామూలు బల్బు. మూడోది మొక్కల కోసం తెల్లటి ఎల్‌ఈడీ. అన్నీ పంజరం బయట, పైకప్పు జాలీ మీదే. లోపల పెడితే ఊసరవెల్లి బల్బుకు వేలాడి ఒళ్లు కాల్చుకుంటుంది.

తప్పు అక్కడే చేశాను. పై కొమ్మను జాలీకి మరీ దగ్గరగా కట్టాను. ఊసరవెల్లిని వదిలే ముందు అన్నయ్య థర్మామీటర్ పెట్టి చూస్తే 42 డిగ్రీల సెల్సియస్! నాగ్‌పూర్ మే నెల ఎండ అన్నమాట. ముందుగా కాలేది తల మీది కిరీటమే. కొమ్మను అంగుళం అంగుళం దించుతూ, ప్రతిసారీ అరగంట ఆగి చూస్తూ, 30 డిగ్రీల దగ్గర ఆపాం. మధ్యలో 25, అడుగున ఇంకా చల్లన. "ఏదో ఒకచోట సరిగ్గా పెడితే సరిపోదా?" అని విసుగొచ్చి అడిగాను. "దానికి ఎప్పుడు ఎంత వేడి కావాలో మనకు తెలీదురా. అన్నీ ఉంచితే అదే వెతుక్కుంటుంది" అన్నాడు అన్నయ్య. వెలుగుకు పైకొమ్మ, నీడకు ఆకుల గుబురు, దాక్కోవడానికి మూల. టైమర్ పెట్టి 12 గంటలు వెలుగు, 12 గంటలు చీకటి.

ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు. ఆకుల మీది బొట్లను నాకుతుంది. అందుకని సన్నటి తుంపర పడేలా గొట్టాలు పెట్టాం. మొదటి రాత్రి ఆ నీళ్లన్నీ నా బోల్టు కీళ్లలోంచి కారి పెద్దమ్మ కార్పెట్ తడిసింది. అన్నయ్య ఏమీ అనలేదు, సిలికాన్ ట్యూబు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను దాన్ని ముట్టుకోలేదు. మర్నాడు పెదనాన్నతో దుకాణానికి వెళ్లి, ఇంటి అడుగంతా పట్టేంత పెద్ద ప్లాస్టిక్ ట్రే ఒకటి తెచ్చి కింద అమర్చాను. ఇక ఒక్క చుక్క కారలేదు.

మొక్కలుగా మనీప్లాంటూ మందారమూ పెట్టాం. ఈ జాతి ఆకులు కూడా కొరుకుతుంది కాబట్టి దానికి హాని చేయని మొక్కలే ఉండాలి. మందారం అనగానే అమ్మమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. కుండీ తనే ఎంచింది, మట్టి తనే మార్చింది. ఆ రోజే మొదటిసారి గదిలోకి వచ్చింది.

ఊసరవెల్లిని కొత్త ఇంట్లోకి వదిలాం. ఎంత సంబరపడుతుందో అనుకున్నాను. అది ఒక్కసారిగా నల్లబడి, గుబురు వెనక్కి వెళ్లిపోయింది. చుట్టూ తెల్లటి గోడలు, పచ్చటి ఆకులు. అది మాత్రం బొగ్గులా ఉంది. పరిసరాలను బట్టి రంగు మారుస్తుందంటారే, మరి ఇదేమిటి?

"అది అబద్ధం" అన్నాడు అన్నయ్య. ఊసరవెల్లి చుట్టూ ఉన్నదాన్ని చూసి దానిలా మారిపోదట. భయపడితే ఒక రంగు, కోపమొస్తే ఒక రంగు. చలేస్తే వేడిని పీల్చుకోవడానికి ముదురు రంగు. నిద్రలో లేత రంగు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పాంథర్ కమీలియన్ అనే జాతి చర్మంలో అతి సన్నటి స్ఫటికాలను చూశారు. ఊసరవెల్లి ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా ఉంటాయి. ఉద్రేకపడితే దూరం జరుగుతాయి. దానితో అవి తిప్పికొట్టే కాంతి రంగు మారిపోతుంది. అంటే లోపల ఏముందో పైకి చెప్పేస్తుందన్నమాట. మనం దాన్ని మోసగాడికి పోలికగా వాడుతున్నాం!

అన్నయ్య తలుపులకు దుప్పటి కప్పాడు. రెండు రోజులు ఎవరూ తొంగిచూడకూడదన్నాడు. నాకు తేజ్‌పూర్‌లో నా మొదటి రోజు గుర్తొచ్చింది. తరగతిలో నలభై మంది నన్నే చూస్తున్నారు. అప్పుడు నాకూ ఒక దుప్పటి దొరికితే బాగుండేది. విరామంలో ఒకడు వచ్చి ఏ ప్రశ్నా అడక్కుండా, తన డబ్బా తెరిచి నా పక్కన కూర్చున్నాడు. వాడే నన్ను గిర్గిట్ అన్నవాడు.

మూడో రోజు ఉదయం దుప్పటి తీశాం. ఊసరవెల్లి పైకొమ్మ మీద, మేం 30 డిగ్రీలకు సరిచేసిన చోటే, ఒళ్లు పలచగా చేసుకుని కూర్చుని ఉంది. ఒంటి నిండా పచ్చదనం, దాని మీద పసుపు చారలు. అమ్మమ్మ మందారపువ్వు ఒకటి కోసి జాగ్రత్తగా అందించింది. అది నాలుగు అడుగులు ఊగుతూ వచ్చి పువ్వు అంచు కొరికింది. "ఒరే రంగడూ, ఇల్లు నచ్చిందిరా?" అంది అమ్మమ్మ. అలా దానికి పేరు కుదిరింది. కాసేపాగి, "నాకూ ముగ్గురు పిల్లల ఇళ్లున్నాయి. వెళ్లిన ప్రతిచోటా రెండు రోజులు నిద్ర పట్టదు" అని మెల్లిగా అంది. అమ్మమ్మకూ బదిలీలున్నాయని నాకు అప్పటిదాకా తట్టలేదు.

జూన్‌లో నాగ్‌పూర్ వచ్చేశాను. అక్టోబరులో అన్నయ్య నుంచి వీడియో కాల్. పెదనాన్నకు ఆస్టిన్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది, ఇల్లు మారాలి. రంగడిని ఒక కొమ్మ ఉన్న చిన్న పెట్టెలో, చీకటిగా గుడ్డ కప్పి కారులో తీసుకెళ్లారు. రంగడి ఇంటిని 45 నిమిషాల్లో విప్పేశారట. కొత్త ఇంట్లో అన్నయ్య పలకలు పరుచుకుని కూర్చుని, ఫోన్‌ను ఒక కీలు దగ్గర పెట్టి అడిగాడు. "ఒరేయ్, ఇది 'బు'నా, 'ఋ'నా?"

నాకు నవ్వాగలేదు. అది ఋ. మిగతావన్నీ తనే చదువుకుని బిగించాడు. 24 బోల్టుల్లో ఒక్కటీ తప్పిపోలేదు. రంగడు రెండు రోజులు నల్లగా ఉండి, మూడో రోజు పచ్చబడ్డాడు.

ఆ ఆదివారం మ్యాచ్‌కు వెళ్లలేదు. తేజ్‌పూర్‌కు ఫోన్ చేశాను. మొదట వాడు మాట్లాడలేదు. నేనే రంగడి కథంతా చెప్పాను. గిర్గిట్ లోపలున్నదే పైకి చూపిస్తుందని చెప్పాను. ఫోన్ చేయకపోవడం మాత్రం రంగడి తప్పు కాదు, నా తప్పేనని కూడా చెప్పాను. చాలాసేపటికి వాడు, "అది మిడతల్ని తింటుందా?" అని అడిగాడు. ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. వాళ్ల నాన్నగారికీ బదిలీ ఉత్తర్వులు వచ్చాయట. వాడికిదే మొదటి బదిలీ. గొంతు కొంచెం వణికింది.

"నీ పుస్తకాల అరకు మేకులా, బోల్టులా?" అని అడిగాను.

"చూడలేదు" అన్నాడు.

"వెళ్లి చూసిరా. నేను లైన్లోనే ఉంటాను" అన్నాను.