నీళ్లతోని సరిచూసుకుంటరా?

నాది కోటగిరి మండలంలో ఒక తాండా. మెకానికల్‌లో ఎంటెక్ చేస్తున్న. ఏం చదువుతున్నవని మా నాయన అడిగితే, "నీళ్లు, గాలి ఎట్ల పారుతయో కంప్యూటర్‌ల లెక్క కట్టుడు" అని చెప్పిన. "మరి నీళ్లతోని సరిచూసుకుంటరా?" అన్నడు.

నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లతోనే బోధన్ దిక్కు చెరుకు పండింది. మా పొలం మాత్రం ఒక పిల్లకాలువ చివర ఉంది. కాయితం మీద నీళ్లు పారినట్టు ఉండి, మడి ఎండిన ఏండ్లు మా నాయన చూసిండు. అందుకే ఆ ప్రశ్న.

మా సబ్జెక్టులో దీన్ని వాలిడేషన్ అంటారు. ముందు మెష్‌ను ఇంకా సన్నగా చేసి, జవాబు మారుతుందో లేదో చూడాలి. అది కంప్యూటర్ లెక్కను లెక్కతోనే సరిచూసుకోవడం. ఆ తర్వాత ప్రయోగశాలలో కొలిచిన దానితో పోల్చాలి.

దీనికి 1983లో ఆర్మలీ, ఆయన తోటివాళ్లు అచ్చు వేయించిన పని మంచి ఉదాహరణ. కాలువలో మెట్టు దిగిన నీళ్లు మెట్టు వెనక సుడి తిరుగుతాయి కదా. అట్లాంటి మెట్టు మీదుగా గాలిని పంపి, ఆ సుడి ఎంత దూరం పోతుందో లేజర్‌తో కొలిచారు. అదే కంప్యూటర్‌లోనూ లెక్క కట్టారు. రేనాల్డ్స్ సంఖ్య, అంటే వేగం పెరిగే కొద్దీ పెరిగే సంఖ్య, సుమారు 400 దాకా రెండూ కలిశాయి. ఆ పైన లెక్కలోని సుడి, కొలిచిన దానికన్నా పొట్టిగా వచ్చింది.

కంప్యూటర్‌కు కూడికలు రాక కాదు. ఆ లెక్క రెండు దిక్కులకే, పొడవుకూ ఎత్తుకూ రాసింది. వెడల్పు అందులో లేదు, పక్క గోడలు లేవు. అసలు ప్రవాహం మాత్రం మూడు దిక్కులా తిరుగుతోంది.

ఇది మనం యాది పెట్టుకోవాలె. లెక్క తప్పకపోయినా, అందులో ఎవరినో, దేన్నో వదిలేస్తే జవాబు తప్పుతది. పక్క గోడైనా అంతే, కాలువ చివరి మడైనా అంతే.

ఇంజనీరింగ్ చదివే మనోళ్లకు ఒక్క మాట. రంగుల బొమ్మ చూపెట్టి ఎవరైనా ఇంగ్లీషులో గడగడ చెప్తే బెదరకుండ్రి. మెష్ మార్చి చూసిండ్రా, ఏ ప్రయోగంతో పోల్చిండ్రు, లెక్కలో ఏం వదిలేసిండ్రు అని అడుగుండ్రి. ల్యాబ్‌ల పైపులు బిగించే పని వస్తే తప్పించుకోకుండ్రి. నీళ్లకు మడవ కట్టిన చేతులు మనయి, కొలత మనకు కొత్త కాదు.