తొమ్మిదో మలుపు

రివర్‌సైడ్, కాలిఫోర్నియా
జనవరి 9

బావా,

మేం వచ్చి పది రోజులైంది. అమ్మాయి ఈ ఉత్తరం ఫోటో తీసి నీ ఫోనుకి పంపిస్తానంది. చెల్లాయికి చదివి వినిపించు.

నిన్న అల్లుడు ఓ నారింజ చెట్టు చూపించాడు. 1873లో ఎలైజా టిబ్బెట్స్ అనే ఆవిడ నాటిందట. గింజల్లేని కాయ కాబట్టి అంటు కడితేనే కొత్త చెట్టు. ఆ అంట్లు పాకి పాకి ఈ ప్రాంతమంతా నారింజ తోటలయ్యాయి. ఇప్పుడు తెగులు సోకకుండా చెట్టు చుట్టూ, పైనా తెర కట్టారు. పెళ్లిపందిట్లో ముసలి పేరంటాలిని కూర్చోబెట్టినట్టుంది.

తిరిగొస్తుంటే అల్లుడు, "మామయ్యా, మీకు ఇంతకన్నా నచ్చే చోటొకటుంది. కానీ అదిప్పుడు లేదు" అన్నాడు. మనం మీ ఇంట్లో కూర్చుని చూశామే 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ', అందులో కెన్ మైల్స్ గుర్తున్నాడా? అతను పోయిన రేసు రోడ్డు ఈ ఊరి పక్కనేనట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జనవరి 13, భోగి

బావా,

ఇక్కడ వీధిలో మంటేస్తే ఫైరింజనే వస్తుందని భయపడి, అమ్మాయి ప్రమిద వెలిగించి భోగి అయిందనిపించింది. సాయంత్రం మోరెనో వ్యాలీ వెళ్లాం.

రేసు రోడ్డున్న నేల మీద ఓ పెద్ద మాల్, దాని చుట్టూ దుకాణాలు, ఇళ్లు. 1989లో రోడ్డు మూతపడితే 1992లో మాల్ తెరిచారు. కార్లు ఆపే చోట తారు చూస్తూ కాసేపు నడిచాను. పాత రోడ్డు ముక్క ఒక్కటైనా కనిపిస్తుందేమోనని. ఒకావిడ నా దగ్గరికొచ్చి కారెక్కడ పెట్టారో మర్చిపోయారా అని అడిగింది. కాదని ఎలా చెప్పను?

కథ అల్లుడు చెప్పాడు, మిగతాది లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి నేను పట్టుకున్నాను. మొదట్లో ఈ స్పోర్ట్స్ కార్లకి సొంత రోడ్లు తక్కువ. పెబుల్ బీచ్ అనే చోట చెట్ల మధ్య మామూలు దారి మీదే పందెం. 1956లో ఎర్నీ మెకాఫీ అనే డ్రైవరు చెట్టుకి గుద్దుకుని చనిపోయాక ఆ పోటీ ఆగిపోయింది. మరుసటేడు సెప్టెంబరులో ఇక్కడ, బోడికొండల పక్క ఎండు నేలలో, పందాల కోసమే రోడ్డు వేశారు. చెట్టూ చేమా లేదు గదా, ప్రాణాలు నిలుస్తాయనుకుంటే మొదటి పోటీల్లోనే ఒకతను పోయాడు.

అన్నిటికన్నా పొడవైన చుట్టు ఐదు కిలోమీటర్ల పైచిలుకు. తొమ్మిది మలుపులు. 1960లో అమెరికా గ్రాండ్ ప్రీ ఇక్కడే జరిగింది, స్టిర్లింగ్ మాస్ లోటస్ కారులో గెలిచాడు. 1962లో కోబ్రా కారు మొదటి పందెం ఇక్కడే. ముందుండి కూడా వెనక ఇరుసు దగ్గర విరిగి ఆగిపోయింది. కుర్రతనంలో ఈ ఊరికొచ్చిన డాన్ గర్నీ అయితే ఇక్కడి నాస్కార్ 500 మైళ్ల పందెం ఐదుసార్లు గెలిచాడు.

అసలు సంగతి తొమ్మిదో మలుపు. అది రేపు తీరిగ్గా రాస్తాను. అమ్మాయి అరిసెలకి పాకం పట్టమని పిలుస్తోంది.

జనవరి 18

బావా,

రేపంటే ఐదు రోజులయింది, ఏమనుకోకు.

సుమారు 1.8 కిలోమీటర్లు తిన్నని దారి. దాని చివర వచ్చినవైపే తిరిగిపోయేంత మలుపు, బయటివైపు గోడ. నీకు నేను చెప్పాలా? వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన వేడి నాలుగింతలు. చుట్టు చుట్టుకీ అదే చోట అదే తొక్కుడు. డ్రమ్ము కాలి, ఆయిలు మరిగి ఆవిరైతే పెడలు కింద ఏమీ మిగలదు.

1965 జనవరిలో ఎ.జె. ఫోయిట్‌కి అదే జరిగింది. తొమ్మిదో మలుపు దగ్గర బ్రేకు అందలేదు. ముందున్న కార్లని గుద్దకుండా పక్కకి కోస్తే కారు గట్టు కిందికి పల్టీలు కొట్టింది. డాక్టరు ప్రాణం పోయిందనుకున్నాడు. తోటి డ్రైవరు పార్నెల్లీ జోన్స్ కదలిక కనిపెట్టి, అతని నోట్లోంచి మట్టి తీసి ఊపిరాడేలా చేశాడు. వెన్ను విరిగినా బతికాడు. ఆ రోజు పందెం గెలిచింది గర్నీయే.

చదువుతుంటే మారేడుమిల్లి ఘాట్‌లో బ్రేకు పోయిన మన లారీ గుర్తొచ్చింది. నువ్వు కొండవైపు రాసి ఆపకపోతే ఈ ఉత్తరాలెక్కడివి?

1966 ఆగస్టు 17న కెన్ మైల్స్ ఫోర్డ్ వారి కొత్త జె-కారును ఇక్కడే పరీక్షిస్తున్నాడు. ఆ తిన్నని దారి చివర్లో కారు అదుపు తప్పి పల్టీ కొట్టింది. అతను బయటికి విసిరేసినట్టు పడి అక్కడే పోయాడు. ఆ తర్వాత ఫోర్డ్ వాళ్లు ఆ కారుని మార్చి, లోపల ఇనప గొట్టాలతో గట్టి పంజరం బిగించారు. అదే మార్క్ ఫోర్ అయింది.

1967లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెంలో ఆ కారు గెలిచింది. తోలినవాళ్లు ఇద్దరు. ఈ ఊరి కుర్రాడు గర్నీ ఒకడు, ఇక్కడ చచ్చి బతికిన ఫోయిట్ ఇంకొకడు. అదే పందెంలో అలాంటి కారే తోలుతున్న మారియో ఆండ్రెట్టికి, బ్రేకు ప్యాడ్లు మార్చుకుని బయటికొచ్చిన వెంటనే ముందు చక్రం పట్టేసింది. కారు నుజ్జయింది. ఆండ్రెట్టి పక్కటెముకల దెబ్బతో బయటపడ్డాడు. పంజరం నిలబడింది.

తొమ్మిదో మలుపుని 1969లో కాస్త సడలించారు. ఊరు పెరిగింది, నేల ధర పెరిగింది, రోడ్డు పోయింది. చెట్టుకి పందిరేసినవాళ్లు దీనికి ఓ రాయైనా పాతలేదేమని మొదట కోపమొచ్చింది. నాకు కనపడలేదేమో మరి. ఇప్పుడు కోపం లేదు. ఆ చెట్టు కాయ ఏ ఊరి బజార్లో తిన్నా తినేవాడికి టిబ్బెట్స్ ఎవరో తెలియదు. మైల్స్ ప్రాణం తీసిన దెబ్బ ఏం నేర్పిందో ఆ పంజరంలో కూర్చున్నవాడికి తెలిస్తే చాలు.

ఫిబ్రవరిలో పిల్లల్ని జీపులో మారేడుమిల్లి తీసుకెళ్తానన్నావు. దాని బ్రేకాయిలు నేను బయల్దేరేనాటికే కాఫీ డికాషన్లా ఉంది. పై డబ్బాలో కొత్తది కలిపి సరిపెట్టకు. మొత్తం తీసేసి, నాలుగు చక్రాల దగ్గరా గాలి పోయేదాకా పంపు చేయించు. మెకానిక్ కుర్రాడు చేశానంటే నమ్మి ఊరుకోకు, పెడలు నువ్వే తొక్కి చూడు.

చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ బావ